‘మన ఇంటికెప్పుడెళ్తాం?’ అని రోజూ అడిగే నాలుగేళ్ళ పాపకి ఏం చెప్పాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీవారు ఉద్యోగం మీద జర్మనీ వెళ్ళి ఐదు నెలలైంది. కూకట్‌పల్లి ఫ్లాట్ ఖాళీ చేసి మీరూ పాపా తెనాలిలో మీ అమ్మగారింటికి వచ్చేశారు. వీసాకి కాగితాలన్నీ ఇచ్చేశారు, జవాబు ఎప్పుడొస్తుందో తెలీదు. పాపకి నాలుగేళ్ళ రెండు నెలలు. రోజూ ‘మన ఇంటికెప్పుడెళ్తాం’ అంటోంది. తాతయ్య ‘రేపు’ అంటారు, అమ్మమ్మ ‘నాన్న రాగానే’ అంటుంది, మీరు మాట మారుస్తున్నారు. వీసా చేతికొచ్చేదాకా ఏమీ చెప్పకుండా నెట్టుకురావడం మంచిదా, ఇప్పుడే చెప్పెయ్యాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడే చెప్పండి. తేదీ చెప్పకండి, వరస చెప్పండి. ఏది అయిపోయింది, ఇప్పుడేం జరుగుతోంది, దీని తరవాత ఏమిటి. ఈ మూడూ తెలిస్తే నాలుగేళ్ళ పిల్ల నెలలైనా ఓర్చుకుంటుంది. తెలీకపోతే వారం కూడా కష్టమే. రెండోది, ఇప్పుడు మీరున్న ఈ మధ్య రోజులకి ఒక పేరు పెట్టండి. ‘తెనాలి రోజులు’ అనో, పాప ఏ పేరు పెడితే అదో. పేరు లేనిదాని గురించి చిన్నపిల్లలు అడగలేరు, ఏడవగలరంతే.

తేదీ ఎందుకొద్దంటున్నానో చెప్తాను. మూడు నాలుగేళ్ళ పిల్లలకి ‘నిన్న’, ‘రేపు’ ఇంకా కలగలిసిపోతుంటాయి. ‘నిన్న ఊరెళ్దామా’ అని అడిగేది అందుకే. తాతయ్య ‘రేపు’ అన్నప్పుడు ఆయన ఉద్దేశం ‘ఎప్పుడో ఒకప్పుడు’. అది ఎంత దూరమో తెలియని పాపకి మాత్రం ఒక్కటే అర్థమవుతుంది: పడుకుని లేస్తే వెళ్తాం. లేచింది, వెళ్ళలేదు. ఇలా పదిసార్లు జరిగాక ఆ పిల్లకి ఆ మాట మీదే నమ్మకం పోతుంది. ఆ తరవాత మీరు నిజంగా ‘రేపు ప్రయాణం’ అన్నా పడుకోదు.

ఇంకో చిక్కుంది. మీ ప్రశ్నలో మధ్యలో ఎక్కడో రాశారు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాపని ముందే తెనాలి పంపేశామని. సామాను సర్దేటప్పుడు పిల్లలు అడ్డమని అందరం చేసే పనే. కానీ పాప లెక్కలో ఆ ఇల్లు ఇంకా అలాగే ఉంది. మంచం అక్కడే, బొమ్మలు అక్కడే, గోడ మీద తను గీసిన గీతలు అక్కడే. ‘మన ఇంటికి’ అంటే జర్మనీ కాదు, కూకట్‌పల్లి. మీరు జర్మనీ గురించి ఎంత చెప్పినా అది ఆమె అడిగిన దానికి జవాబు కాదు. కాబట్టి మొదట పాత ఇల్లు ముగించాలి. ఖాళీ గదుల ఫొటోలో వీడియోనో ఉంటే చూపించండి. ఓనరుకి వీడియో పంపి ఉంటారు కదా, అది చాలు. లేకపోతే అదే అపార్టుమెంటులో ఉండే వాళ్ళెవరినైనా గుమ్మం ఫొటో తీసి పంపమనండి. ఒక్కో గది చూస్తూ అందులో ఉన్న వస్తువు ఇప్పుడెక్కడుందో చెప్పండి: ఫ్రిజ్ అమ్మేశాం, మంచం బాబాయి వాళ్ళింట్లో ఉంది, నీ బొమ్మల డబ్బా అమ్మమ్మ అటక మీద ఉంది. అటక మీది డబ్బా దించి చూపించండి కూడా. ఏడుస్తుంది. ఏడవనివ్వండి; ‘అక్కడ ఇంకా పెద్ద ఇల్లుంటుంది’ అని ఆ నిమిషంలోనే బేరం పెట్టకండి.

తరవాత చెప్పాల్సిన మాటలు. ఏడెనిమిది చిన్న వాక్యాలకి మించొద్దు. మచ్చుకి:

‘కూకట్‌పల్లి ఇల్లు ఇప్పుడు మనది కాదు. అక్కడ వేరేవాళ్ళు ఉంటారు. నాన్న దగ్గర ఇంకో ఇల్లుంది. మనం అక్కడికి వెళ్ళాలంటే ఆఫీసువాళ్ళు మన కాగితాలు చూడాలి. చూస్తున్నారు. అయ్యేదాకా అమ్మమ్మ దగ్గరుంటాం. ఎప్పుడవుతుందో అమ్మకి కూడా తెలీదు. తెలిసిన రోజే నీకు చెప్తాను.’

‘అమ్మకి కూడా తెలీదు’ అనడానికి చాలామంది తల్లిదండ్రులు జంకుతారు. పిల్ల భయపడుతుందని. అమ్మకి తెలియకపోవడం పిల్లల్ని అంతగా భయపెట్టదు. అమ్మకి తెలిసీ దాస్తోందనిపిస్తేనే భయపడతారు. ‘తెలీదు’ వెనకే ‘తెలిసిన రోజే చెప్తాను’ ఉండాలి, ఆ రెండూ విడదీయకూడదు.

ఇదంతా విని పాప బహుశా ‘మరి నా సైకిలో?’ అంటుంది. ఇంత చెప్తే దీనికి సైకిలు గొడవేమిటి అనుకోకండి, అసలు ప్రశ్న అదే. సైకిలు సంగతి ఖచ్చితంగా చెప్పండి: ఎక్కడుంది, వస్తుందా రాదా. రాకపోతే ‘రాదు, పక్కింటి బాబుకి ఇచ్చేశాం’ అనండి. ‘చూద్దాంలే’ వద్దు.

మళ్ళీ రేపు అదే అడుగుతుంది. ఎల్లుండీ అడుగుతుంది. మొదట్లో రోజుకి పదిసార్లు అడిగినా ఆశ్చర్యపోకండి. అర్థంకాక కాదు, జవాబు నిన్నటిదేనా మారిందా అని తడిమి చూసుకోవడం. అందుకే ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో, ఇంట్లో అందరూ చెప్పాలి. మీరు చెప్పేది ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. తాతయ్యా అమ్మమ్మా పిన్నీ అదే చెప్పాలి. తాతయ్యగారికి ఇది చాదస్తంలా అనిపించొచ్చు. ‘రేపు’ అనే మాట ఒక్కటి మానేయమనండి, సగం పని అయినట్టే.

ఇక చేతులతో చేసే పని. తేదీ తెలిసిన ప్రయాణమైతే క్యాలెండరు మీద రోజులు కొట్టేయొచ్చు, కాగితపు గొలుసు చేసి రోజుకో ముక్క చింపొచ్చు. మీకు తేదీ తెలీదు కాబట్టి తగ్గుతూ పోయే లెక్క ఏదీ పెట్టకండి. ముప్ఫై ముక్కల గొలుసు చేసి, ముప్ఫయ్యో రోజున వీసా రాక, రాత్రికి రాత్రి ఇంకో ఇరవై అతికించారనుకోండి. పాపకి ఏం తెలిసింది? లెక్క అబద్ధమని. దానికన్నా అసలు లెక్క లేకపోవడం నయం.

మీ పరిస్థితికి నప్పేది చుక్కల ముగ్గు. నేల మీద వేస్తే పొద్దున్నే చీపురు తగులుతుంది, చార్టు మీద వెయ్యండి. మూడు వరసలు, వరసకి మూడు చుక్కలు. మధ్య చుక్క వదిలేస్తే చుట్టూ ఎనిమిది చుక్కలు, వాటిని కలపడానికి ఎనిమిది గీతలు. ఒక్కో గీత పక్కన ఒక చిన్న బొమ్మ: అట్టపెట్టె (సామాను సర్దాం), తాళం (ఇల్లు ఖాళీ చేశాం), రైలు (తెనాలి వచ్చాం), కాగితాలు (ఆఫీసులో ఇచ్చాం), పాస్‌పోర్టు (తిరిగి రావాలి), టికెట్టు, విమానం, ఎయిర్‌పోర్టులో నాన్న. పై ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, మొదటి నాలుగు గీతలూ మీరూ పాపా కలిసి ఆ రోజే కలిపెయ్యండి. పై అంచూ కుడి అంచూ పూర్తవుతాయి. కింద కుడి మూల చుక్క దగ్గర ఆగుతారు. ‘మనం ఇక్కడున్నాం’ అని అక్కడ పాప వేలు పెట్టించండి.

దీన్లో పనికొచ్చే విషయం రెండు. ముగ్గు సగం అయిపోయి ఉంటుంది, కాబట్టి ‘ఏమీ జరగట్లేదు’ అన్న భావం పోతుంది. పైగా ఇక్కడ గీత కలిసేది పని అయినప్పుడు, రోజు గడిచినందుకు కాదు. ఆలస్యమైతే మీరు మాట తప్పినట్టు అవ్వదు. మధ్య చుక్క చుట్టూ ఏం వెయ్యాలో పాప ఇష్టం, నాన్న దగ్గరికి చేరాక వేస్తుంది. చార్టు చుట్టి పట్టుకెళ్ళడం మర్చిపోకండి.

నాలుగో గీతకీ ఐదో గీతకీ మధ్యే మీకు చాలా రోజులు పడుతుంది. అక్కడ రోజులు కనపడటానికి ఒక గాజు సీసా, చింతపిక్కలు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఒక పిక్క సీసాలో వేస్తుంది. సీసా నిండుతుందే గాని ఖాళీ అవ్వదు. నిండితే ఇంకో సీసా. ఇందులో ఓడిపోవడం లేదు. పిక్కలు ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు కాబట్టి సీసా మీరే పైన ఉంచండి, రోజుకొకటే చేతికివ్వండి. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలెవరైనా ఉంటే పిక్కలు వద్దు, కాగితం మీద చుక్క పెట్టించండి.

కాలం చెప్పడానికి గడియారం వాడకండి. ‘ఐదింటికి’ కంటే ‘నిద్ర లేచి పాలు తాగాక’ బాగా తెలుస్తుంది. వారాలకి మన ఇళ్ళల్లో చక్కటి కొలత ఉంది: తలంటు. ‘ఇంకో రెండు తలంట్లయ్యాక పిన్ని వస్తుంది’ అంటే నాలుగేళ్ళ పిల్లకి తెలిసిపోతుంది. తలంటు ఏ రోజైతే ఆ రోజే ఉంచాలి మరి, ఈవారం ఆదివారం వచ్చేవారం మంగళవారం చేస్తే కొలత పాడవుతుంది.

‘ఇదీ కాదు అదీ కాదు’ అనే స్థితికి మాట కావాలంటే వంటింట్లో ఉంది. ఒక చిన్న గిన్నెలో గ్లాసు పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చండి. పాప చేత అర చెంచా పెరుగు వేయించి కలిపించి మూత పెట్టండి. రాత్రి ఎనిమిదింటికి తోడు వేస్తే, పడుకునే ముందు ఒకసారి మూత తీసి చూపించండి. ‘పాలా, పెరుగా?’ పాలలాగే ఉంటాయి, కానీ పాలు కావు. ‘తోడుకుంటోంది’ అని చెప్పి మూసెయ్యండి. తెనాలి ఎండల్లో ఐదారు గంటలు చాలు, చలికాలం ఎనిమిది పది పడుతుంది. పొద్దున్న గిన్నె వంచి చూస్తుంది. ఒకరోజు పక్కన రెండో గిన్నె పెట్టి గంటకోసారి పాపనే కదపనివ్వండి. అది సరిగ్గా తోడుకోదు, నీళ్ళు వదులుతుంది. పాపకి అదో సరదా.

ఒక హెచ్చరిక. ‘మనం కూడా పాలలాంటివాళ్ళమే అమ్మా’ అని ఉపన్యాసం ఇవ్వకండి. ఐదేళ్ళలోపు పిల్లలు ఆ పోలిక అందుకోరు, పెరుగు గురించే ఆలోచిస్తారు. అది తప్పేం కాదు. మీకు దొరికేది ఒక మాట. తరవాతెప్పుడో ‘వీసా అయిందా’ అంటే ‘ఇంకా తోడుకుంటోంది’ అనొచ్చు, చాలు. (ఆరేడేళ్ళ పిల్లలైతే కథ వేరు. పాల పన్ను ఊడి ఇంటి కప్పు మీదికి విసిరాక, కొత్తది వచ్చేదాకా ఉండే సందు చూపించి మాట్లాడితే వాళ్ళే పోల్చుకుంటారు.)

మారనివి నాలుగు పెట్టండి. పడుకునే వేళ, పడుకునే ముందు చేసే పనుల వరస, అన్నం తినే పళ్ళెం, కప్పుకునే దుప్పటి. దుప్పటి వెంటనే ఉతకకండి, పాత ఇంటి వాసన కొన్నాళ్ళు ఉండనివ్వండి. ఇదివరకు నిద్రపుచ్చేది నాన్న అయితే ఆయన చెప్పే కథ ఫోనులో రికార్డు చేసి పంపమనండి. వీడియో కాల్ విషయంలో ఎక్కువ ఆశించకండి. నాలుగేళ్ళ పిల్ల తెర ముందు ఐదు నిమిషాలు కూర్చుంటే గొప్పే. ‘నాన్నకి ముద్దు పెట్టు, పద్యం చెప్పు’ అని పరీక్ష పెడితే మర్నాడు ఫోను చూడగానే పారిపోతుంది. నాన్న ఫోను నిలబెట్టి కూరగాయలు తరుగుతుంటే, పాప ఇక్కడ బొమ్మలేసుకుంటుంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. జర్మనీ మనకంటే ఎండాకాలం 3 గంటల 30 నిమిషాలు, చలికాలం 4 గంటల 30 నిమిషాలు వెనక. వేసవిలో మీకు రాత్రి ఏడున్నరకి అక్కడ సాయంత్రం నాలుగు. మీ కిటికీలో చీకటి, నాన్న కిటికీలో ఎండ. రెండూ పక్కపక్కన చూపించండి. ‘దూరం’ అన్నదానికి అంతకంటే మంచి వివరణ ఆ వయసుకి లేదు.

ఇప్పుడు బంధువుల సంగతి. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది ఇదే. ‘అమ్మ నిన్ను మా దగ్గర వదిలేసి వెళ్ళిపోతుందిలే’, ‘అల్లరి చేస్తే విమానం ఎక్కించరు’, ‘నాన్న నిన్ను మర్చిపోయాడు చూడు’. వరసైనవాళ్ళు ముద్దుకి అనే మాటలే. మామూలు రోజుల్లో పిల్ల తిప్పికొడుతుంది. కానీ నాన్న నిజంగానే వెళ్ళిపోయాడు, ఇల్లు నిజంగానే పోయింది. ఈ పిల్లకి అది హాస్యం కాదు. ఎవరన్నా అంటే వాళ్ళ ముందే, నవ్వుతూనే, పాపతో చెప్పండి: ‘పెద్దమ్మ ఊరికే అంటోంది. అమ్మా నువ్వూ కలిసే వెళ్తాం.’ తరవాత పెద్దమ్మగారికి పక్కకి పిలిచి చెప్పుకోవచ్చు.

మీరు పనిమీద హైదరాబాదో చెన్నైయో వెళ్ళాల్సి వస్తే పాప నిద్రలో ఉండగా జారుకోకండి. లేచి చూస్తే అమ్మ లేదు, నాన్న లాగానే. ఆ తరవాత నిద్రంటేనే భయపడే పిల్లలున్నారు. చెప్పి వెళ్ళండి. ఎప్పుడొస్తారో పని పేరుతో చెప్పండి (‘రేపు నువ్వు సాయంత్రం పాలు తాగేసరికి’), గుమ్మం దగ్గర ఒక్క నిమిషానికి మించి సాగదీయకండి. బస్సు ఆలస్యమైతే ఫోను చేసి మీ గొంతుతో మీరే చెప్పండి.

మళ్ళీ వేలు చీకడం, గోరుముద్దలు పెట్టమనడం, ‘ఎత్తుకో’ అనడం, రాత్రి పక్క తడపడం ఇలాంటి రోజుల్లో మామూలే. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, సిగ్గుపెట్టకండి. అయితే పక్క తడపడంతోపాటు దాహం బాగా పెరిగి, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్తూ, బరువు తగ్గుతుంటే బెంగ అని వదిలేయకుండా ఆ రోజే డాక్టరుకి చూపించి షుగర్ పరీక్ష చేయించండి. ఒంటేలుకి వెళ్ళేటప్పుడు మంట ఉంటే మూత్ర పరీక్ష. నెల దాటినా తిండి తగ్గుతూ పోవడం, మాట్లాడటం మానేయడం, ఆడుకోకపోవడం ఉంటే పిల్లల డాక్టరుని కలవాలి. మీకే దిగులుగా, నిద్రపట్టకుండా ఉంటే టెలీ మానస్ 14416కి ఫోను చెయ్యొచ్చు. ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బడి గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. ‘ఎలాగూ వెళ్ళిపోతాం కదా’ అని ఇంట్లో ఉంచేశారు. నాలుగేళ్ళ పిల్లకి నెలల తరబడి పెద్దవాళ్ళ మధ్యే కూర్చోవడం బరువు. దగ్గర్లో అంగన్‌వాడీ గానీ పూటబడి గానీ ఉంటే రోజుకి మూడు గంటలు పంపండి. టీచరుకి ‘మధ్యలో వెళ్ళిపోతాం, తేదీ తెలీదు’ అని ముందే చెప్పండి. అక్కడ స్నేహాలు కుదిరి మళ్ళీ విడిపోవాలి కదా అంటే, నిజమే. స్నేహం లేకుండా గడపడం దానికంటే కష్టం.

వీసా రాలేదనుకోండి, లేదా ఇంకేవో కాగితాలు అడిగారనుకోండి. అది కూడా తెలిసిన రోజే చెప్పాలి, మాట ఇచ్చారు కదా. చార్టు చింపకండి, ఉన్న గీతలు తుడపకండి. ఆ మూల పక్కన ఇంకో చుక్క పెట్టి ‘ఇక్కడో గీత ఎక్కువైంది’ అనండి. మీరు ఏడిస్తే ఏడవండి, ‘అమ్మకి బాధేసింది, నీవల్ల కాదు’ అని చెప్పండి. ఈ వయసులో ఇంట్లో ఏది చెడినా తన అల్లరి వల్లే అనుకుంటారు.

పాస్‌పోర్టులు వచ్చిన రోజున ఊరందరికీ ఫోన్లు చేసేముందు పాపకి చెప్పండి. ఆవిడ గీత కలిపాకే మిగతావాళ్ళకి. ఆ తరవాత టికెట్టు తీసుకున్నాక తేదీ ఉంటుంది కాబట్టి, చివరి ఏడు రోజులకి మాత్రం తగ్గే లెక్క పెట్టుకోవచ్చు. అంతకంటే ముందు వద్దు.

అక్కడికి వెళ్ళాక ఇంకో మధ్యకాలం మొదలవుతుంది, కీటాలో (అక్కడి చిన్నపిల్లల బడి) చేర్చేటప్పుడు. అక్కడ చాలాచోట్ల పిల్లల్ని ఒక్కసారిగా వదిలిరమ్మనరు. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో గదిలోనే కూర్చుంటారు, నాలుగో రోజు కాసేపు బయటికెళ్ళి చూస్తారు, అలా రెండు మూడు వారాలు పెంచుకుంటూ పోతారు. మీవారు ఆ రోజులకి సెలవు ఇప్పుడే అడిగి ఉంచుకుంటే మంచిది.

చింతపిక్కల సీసా అమ్మమ్మ దగ్గరే వదిలెయ్యండి, మీరెళ్ళాక పిక్క వెయ్యడం ఆవిడ పని. కాగితాలు లేకుండా విత్తనాలు యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు, పాలు పెరుగు కూడా సామానులో పట్టుకెళ్ళకూడదు. తోడుకి ఇబ్బందేం లేదు. అక్కడి దుకాణాల్లో తీపి కలపని మామూలు పెరుగు డబ్బా దొరుకుతుంది, అందులోంచి అర చెంచా చాలు. ఈ ఆదివారం కాల్‌లో మీవారిని అటు గిన్నెలో తోడు వెయ్యమనండి, పాప ఇటు వేస్తుంది. పొద్దున్న ఎవరి గిన్నె ముందు తోడుకుందో చూసుకుంటారు. అక్కడ చలి కాబట్టి నాన్నదే ఆలస్యమవుతుంది. గిన్నెకి తువ్వాలు చుట్టమని పాపచేత చెప్పించండి.